చట్టసభల కమిటీలు, ప్రజాసేవల ఖర్చు: పదేపదే వచ్చే ప్రశ్నలు

ఆడిట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆదివారం ఉదయాలు విజయవాడలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో, నెలకోసారి గుంటూరు బ్రాడీపేటలో పింఛనుదార్లతో కూర్చుంటాను. పిల్లలు మార్కుల కోసం అడుగుతారు, పెద్దలు తమ బకాయిల కోసం అడుగుతారు. ఎక్కడ మొదలైనా మాట చివరికి కమిటీల దగ్గరే ఆగుతుంది. అందుకే అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ముందుగా: ఏ కమిటీ ఏది

స్టాండింగ్ కమిటీ అంటే మన కార్పొరేషన్‌లో ఉండేదేనా?

కాదు. పేరు ఒకటే, పని వేరు. విజయవాడ నగరపాలక సంస్థలో కార్పొరేటర్లు తమలోంచి ఎన్నుకునే స్థాయీ సంఘం పనులకు, ఖర్చులకు ఆమోదం తెలుపుతుంది. జిల్లా పరిషత్తులో ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి. పార్లమెంటులో ఉన్నవి శాఖలవారీగా 24 స్థాయీ సంఘాలు. ఇవి ఒక్క రూపాయి కూడా మంజూరు చేయవు. మంజూరు కోరుతున్న శాఖను ప్రశ్నిస్తాయి, బిల్లులను పరిశీలిస్తాయి, అంతే. ఎంపీ అధ్యక్షతన జిల్లాలో జరిగే ‘దిశ’ సమావేశం కూడా పార్లమెంటు కమిటీ కాదు. అది కేంద్ర పథకాల అమలును సమీక్షించే వేదిక. మీ వీధి మురుగుకాలువ గురించి ఢిల్లీ స్థాయీ సంఘానికి ఉత్తరం రాస్తే పోస్టు ఖర్చు దండగ.

ఇన్ని కమిటీలు ఎందుకు? ఒక్కటి సరిపోదా?

పెళ్లి జాబితా రాసేటప్పుడు ‘ఇన్ని రకాల స్వీట్లు ఎందుకు’ అని అడిగే పెద్దమ్మ వేరు, పెళ్లయ్యాక వంటవాడి లెక్క చూసే బాబాయి వేరు. ఇద్దరూ ఉంటేనే ఇల్లు నిలబడుతుంది.

శాఖల స్థాయీ సంఘాలు ఖర్చుకు ముందు అడుగుతాయి. ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ, ఖర్చయ్యాక అడుగుతుంది. ఇది 1921 నుంచి ఉంది. ఇప్పుడు లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు సభ్యులు. అంచనాల కమిటీ 1950లో వచ్చింది. ఇందులో 30 మందీ లోక్‌సభవారే. ఇదే పని ఇంతకన్నా తక్కువ ఖర్చుతో చేయలేమా అన్నది దీని ప్రశ్న. దాని తొలి అధ్యక్షుడు మన తెలుగువారికి తెలిసిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1964లో వచ్చిన ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ కార్పొరేషన్ల, కంపెనీల సంగతి చూస్తుంది.

శాఖల స్థాయీ సంఘాలు 1993లోనే ఎందుకు వచ్చాయి?

అంతకుముందు బడ్జెట్ పద్దుల్లో, అంటే ఒక్కో శాఖ ఏడాదికి మంజూరు కోరే సొమ్ముల్లో, చాలా భాగం చర్చ లేకుండానే గడిచిపోయేది. సభకు టైము లేదు, సభ్యులకు వివరాలు లేవు. 1989లో మూడు రంగాలకు ప్రయోగంగా కమిటీలు వేశారు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1993లో, అన్ని శాఖలనూ కలుపుకొని 17 సంఘాలు వచ్చాయి. 2004లో అవి 24 అయ్యాయి. ఒక్కో సంఘంలో 31 మంది, వారిలో 21 మంది లోక్‌సభ నుంచి, పది మంది రాజ్యసభ నుంచి. పదవీకాలం ఏడాది. ఒక శాఖ గుట్టుమట్లు ఒంటబట్టేసరికి సభ్యుడు మరో సంఘానికి మారిపోతాడు. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే.

కమిటీ మంత్రిని పిలిచి నిలదీయగలదా?

ఆర్థిక కమిటీలు (పీఏసీ, అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ), శాఖల స్థాయీ సంఘాలు మంత్రిని సాక్షిగా పిలవవు. కార్యదర్శి స్థాయి అధికారులు వచ్చి జవాబు చెబుతారు. మంత్రి ఈ కమిటీల్లో సభ్యుడుగా కూడా ఉండకూడదు. సభ్యుడు మధ్యలో మంత్రి అయితే కమిటీ నుంచి తప్పుకోవాలి.

పీఏసీ ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికే ఇవ్వాలని రాజ్యాంగంలో ఉందా?

లేదు. అది సంప్రదాయం. లోక్‌సభలో 1967 నుంచి నడుస్తోంది. మొదటి ప్రతిపక్ష ఛైర్మన్ స్వతంత్ర పార్టీకి చెందిన మినూ మసానీ. ఆ పార్టీ వ్యవస్థాపక అధ్యక్షుడు మన నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. ఈ మాట చెబితే గుంటూరు పిల్లలు మరిచిపోరు.

ఆంధ్రప్రదేశ్ పీఏసీలో శాసనసభ నుంచి తొమ్మిది మంది, మండలి నుంచి ముగ్గురు ఉంటారు. ఎన్నిక దామాషా పద్ధతిలో, అంటే పార్టీల బలాన్ని బట్టి సీట్లు దక్కేలా జరుగుతుంది. 175 మంది కలిసి తొమ్మిది మందిని ఎన్నుకోవాలి కాబట్టి ఒకరు గట్టెక్కాలంటే ఓట్లను పదితో భాగించగా వచ్చిన దానికన్నా ఎక్కువ, అంటే 18 ఓట్లు కావాలి. ప్రతిపక్ష హోదాకు చెప్పే పది శాతం లెక్క కూడా 18 దగ్గరే తేలుతుంది. పరీక్షల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. అవి రెండు వేర్వేరు లెక్కలు, అంకె కలిసిరావడం కాకతాళీయం. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 మంది సభ్యులే ఉన్నారు. నవంబరులో జరిగిన ఓటింగును ఆ పార్టీ బహిష్కరించింది. జనసేనకు చెందిన భీమవరం శాసనసభ్యుడు పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు.

ఒక ముచ్చట. ప్రతిపక్షం నుంచి పీఏసీ ఛైర్మన్లుగా పనిచేసిన బుగ్గన రాజేంద్రనాథ్, పయ్యావుల కేశవ్ ఇద్దరూ ఆ తర్వాత ఆర్థిక మంత్రులయ్యారు. లెక్క అడిగినవారు లెక్క చెప్పే కుర్చీలోకి వచ్చారన్నమాట.

## బిల్లు దశ

ప్రతి బిల్లూ కమిటీకి వెళ్లాలా?

అవసరం లేదు. పంపాలా వద్దా అన్నది లోక్‌సభ స్పీకరు, రాజ్యసభ ఛైర్మన్ల చేతిలో ఉంటుంది. ఆచరణలో ప్రభుత్వం మనసును బట్టి నడుస్తుంది. 2009లో ఏర్పడిన 15వ లోక్‌సభ కాలంలో బిల్లుల్లో సుమారు 71 శాతం కమిటీలకు వెళ్లాయి. 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభలో అది సుమారు 16 శాతానికి పడిపోయింది.

మన బతుకులను మార్చిన బిల్లునే చూడండి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ప్రవేశపెట్టారు. మిరియాల స్ప్రే గొడవ జరిగిన రోజే అది. 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. వారం రోజుల్లో ఏ కమిటీ ఏం పరిశీలిస్తుంది? ఆస్తులు, అప్పులు, సంస్థల పంపకం మీద తర్వాత ఏళ్ల తరబడి నడిచిన తగాదాలు చూసినప్పుడల్లా, శాఖల కార్యదర్శులను కూర్చోబెట్టి ఒక్కో షెడ్యూలు మీద ప్రశ్నలు వేసి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది.

పోటీ పరీక్షల పిల్లలకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. ప్రశ్నపత్రాల లీకులను అరికట్టే కేంద్ర బిల్లు 2024 ఫిబ్రవరి 5న సభలోకి వచ్చింది. మర్నాడు లోక్‌సభ, 9న రాజ్యసభ ఆమోదించాయి. పరీక్ష రాసేవారిని పిలిచి అడిగినవారు లేరు.

కమిటీకి పంపితే నిజంగా ఏమైనా మారుతుందా, లేక కాలయాపనేనా?

కాలయాపనకు పంపిన సందర్భాలూ ఉన్నాయి. కానీ సమాచార హక్కు చట్టం సంగతి వినండి. 2004 డిసెంబరులో ప్రవేశపెట్టిన బిల్లు కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రమే వర్తించేది. దాన్ని సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయ శాఖల స్థాయీ సంఘానికి పంపారు. ఉద్యమకారులు వచ్చి వాదించారు. రాష్ట్ర ప్రభుత్వాలనూ చట్టం కిందికి తేవాలని సంఘం సిఫారసు చేసింది. వందకు పైగా సవరణలతో 2005 మేలో చట్టం ఆమోదం పొందింది, అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది.

ఈరోజు గుంటూరు కలెక్టరేట్‌లో పది రూపాయల రుసుము కట్టి దరఖాస్తు ఇచ్చి ‘నా అర్జీ ఏమైంది’ అని అడగగలుగుతున్నామంటే, ఆ కొన్ని వారాల కమిటీ పనికి అందులో వాటా ఉంది. మొదటి బిల్లే ఉన్నదున్నట్లు చట్టమై ఉంటే ఆ దరఖాస్తు తీసుకోవలసిన బాధ్యత కలెక్టరేట్‌కు ఉండేది కాదు.

సెలెక్ట్ కమిటీ వేరు, స్థాయీ సంఘం వేరా? 2020లో మండలిలో జరిగింది ఏమిటి?

స్థాయీ సంఘం ఎప్పుడూ ఉంటుంది. సెలెక్ట్ కమిటీని ఒక బిల్లు కోసమే వేస్తారు, నివేదికతో దాని ఆయువు తీరుతుంది. రెండు సభల సభ్యులతో అలా వేస్తే సంయుక్త కమిటీ.

మూడు రాజధానుల బిల్లును, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లును శాసనసభ 2020 జనవరి 20న ఆమోదించింది. 22న మండలి ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్లు ప్రకటించారు. 27న మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. సెలెక్ట్ కమిటీ ఏర్పడనే లేదు. జూన్‌లో బిల్లులను శాసనసభ మళ్లీ ఆమోదించింది, జులై 31న గవర్నరు సంతకం పడింది. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలనూ, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది.

రాజకీయంగా ఎవరిది ఒప్పు అన్నది ఇక్కడ నా పని కాదు. సభ్యుల పేర్లు ఖరారై, సచివాలయం ఉత్తర్వు ఇచ్చి, మొదటి సమావేశం జరిగేదాకా ‘కమిటీకి పంపారు’ అన్న మాటకు అర్థం లేదు. వెలగపూడిలో ఆ రోజుల్లో అందరికీ బోధపడిన సంగతి ఇది.

ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపారు కదా. ఇప్పుడు ఆర్టీసీ లెక్క ఎవరు అడగాలి?

మంచి ప్రశ్న, కండక్టరుగా పనిచేసి విరమించిన ఒకాయన అడిగారు. 2019 డిసెంబరులో చట్టం చేసి 2020 జనవరి 1 నుంచి యాభై వేలకు పైగా ఉద్యోగులను ప్రజా రవాణా శాఖలోకి తీసుకున్నారు. ఉద్యోగులు కలిశారు గాని సంస్థ కరిగిపోలేదు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లోని ఆర్టీసీ హౌస్ నుంచి కార్పొరేషన్ అలాగే నడుస్తోంది.

కాబట్టి లెక్క రెండు దారుల్లో పోతుంది. డిపో నిర్వహణ, బస్సుల కొనుగోలు, సంస్థ నష్టాల గురించి ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ అడగవచ్చు. జీతాలు, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణానికి ఖజానా ఇచ్చే సొమ్ము బడ్జెట్ పద్దు కిందికి వస్తాయి. వాటిని పీఏసీ అడగవచ్చు. ఎవరికి వారు ‘ఇది పక్క కమిటీది’ అనుకునే ప్రమాదమూ ఇక్కడే ఉంది.

మా సర్వీసు రూల్స్ ఒక్క జీవోతో మార్చేశారు. అది ఏ కమిటీకీ వెళ్లలేదా?

వెళ్లదు. రాజ్యాంగం 309వ అధికరణ కింద చట్టం లేనిచోట గవర్నరు పేరిట నిబంధనలు చేయవచ్చు. 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలు అలా వచ్చినవే. వాటిని సవరించడానికి సభ ముందుకు బిల్లు రానక్కర్లేదు.

పదవీ విరమణ వయసు సంగతి వేరు. 1983లో దాన్ని 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిందో మా తరానికి తెలుసు. ఆ గొడవ తర్వాత 1984లో చట్టం వచ్చింది. అందుకే 2014లో 60కి, 2022లో 62కు పెంచినప్పుడు చట్ట సవరణ చేయాల్సి వచ్చింది. మీ సమస్య చట్టంలో ఉందా, నిబంధనలో ఉందా అన్నది ముందు తేల్చుకోండి. అప్పుడే ఎవరికి రాయాలో తెలుస్తుంది.

బిల్లు కమిటీ దగ్గర ఉండగా లోక్‌సభ రద్దయితే?

లోక్‌సభలో పెండింగులో ఉన్న బిల్లు మురిగిపోతుంది. ప్రభుత్వ సేవలను గడువులోగా పొందే హక్కు బిల్లు 2011 డిసెంబరులో వచ్చింది. స్థాయీ సంఘం 2012లో నివేదిక ఇచ్చింది. 2014లో లోక్‌సభతోపాటే బిల్లూ పోయింది. రాజ్యసభలో ప్రవేశపెట్టి, అక్కడే పెండింగులో ఉన్న బిల్లుకు ఈ బెడద లేదు.

## బడ్జెట్ దశ

బడ్జెట్ సమావేశాల మధ్యలో పార్లమెంటుకు అన్ని రోజులు సెలవెందుకు?

సభకే సెలవు, కమిటీలకు కాదు. 2025లో ఫిబ్రవరి 13 నుంచి మార్చి 10 దాకా విరామం వచ్చింది. ఆ రోజుల్లో స్థాయీ సంఘాలు శాఖల పద్దులను ముందేసుకుంటాయి. నిరుడు ఎంత అడిగారు, సవరించిన అంచనా ఎంత, నిజంగా ఎంత ఖర్చు పెట్టారు, ఈసారి ఎందుకు ఎక్కువ కావాలి అని అడుగుతాయి. నివేదికలు సభ ముందుకు వచ్చాక పద్దులపై చర్చ, ఓటింగు జరుగుతాయి. శాఖ తన అసమర్థతను తన అంకెలతోనే ఒప్పుకునే సందర్భం ఏడాదిలో ఇదొక్కటే అని నా అభిప్రాయం. పత్రికల్లో మాత్రం లోపలి పేజీలో చిన్న వార్తగా పోతుంది.

గిలటిన్ అంటే?

గడువు ముగిసేసరికి చర్చకు రాని పద్దులన్నింటినీ ఒకేసారి ఓటుకు పెట్టడం. లక్షల కోట్లు నిమిషాల్లో పాసవుతాయి. అందుకే కమిటీ గదిలో జరిగిన పరిశీలనే చాలా శాఖలకు ఆ ఏడాది జరిగే అసలు పరిశీలన.

మండలి సభ్యులు పద్దుల మీద ఓటు వేస్తారా?

వేయరు. 203వ అధికరణ ప్రకారం పద్దులపై ఓటు శాసనసభదే. మండలి చర్చించవచ్చు. కేరళలో బడ్జెట్ సాధారణ చర్చ ముగిశాక పద్దులు సబ్జెక్టు కమిటీలకు వెళ్తాయి. 1980 నుంచి ఈ పద్ధతి ఉంది. రాష్ట్రాల్లో నేను చూసినంతలో మేలైన ఏర్పాటు అదే.

ఓటే అవసరం లేని ఖర్చు కూడా ఉంటుందా?

ఉంటుంది. సంఘటిత నిధిపై, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానాపై, నేరుగా భారమయ్యే ఖర్చు అంటారు. అప్పులపై వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు ఇందులోకి వస్తాయి. గ్రూప్ పరీక్షల పిల్లలు ఆశ్చర్యపడేది ఏమిటంటే, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఖర్చు కూడా 322వ అధికరణ ప్రకారం ఇలాంటిదే. సభ చర్చించవచ్చు, ఓటుతో కోత పెట్టలేదు. కమిషన్‌ను పాలకుల అలక నుంచి కాపాడటానికి పెట్టిన ఏర్పాటు ఇది.

## ఖర్చయ్యాక

కాగ్ నివేదిక వచ్చింది అంటారు. తర్వాత ఏమవుతుంది?

కాగ్ అంటే ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. రాష్ట్రానికి సంబంధించిన నివేదిక గవర్నరుకు వెళ్తుంది. 151వ అధికరణ ప్రకారం ఆయన దాన్ని శాసనసభ ముందు పెట్టిస్తారు. ఎన్ని రోజుల్లో పెట్టాలో రాజ్యాంగం చెప్పలేదు. ఆలస్యానికి మొదటి తలుపు అక్కడే తెరుచుకుంటుంది. సభ ముందుకు వచ్చాక పీఏసీ అందులోంచి కొన్ని పేరాలను, అంటే ఆడిట్ రాసిన అభ్యంతరాలను, ఎంచుకుంటుంది, శాఖ రాతపూర్వకంగా జవాబిస్తుంది, అధికారులను పిలిచి అడుగుతారు. ఆ గదిలో ఏ కాగితం వెనక ఏముందో సభ్యులకు విడమరిచి చెప్పేది రాష్ట్రంలో కాగ్ తరఫున పనిచేసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయంవారే. న్యాయవాది లేకుండా కక్షిదారు ఎంత వాదించగలడో, ఆడిట్ లేకుండా పీఏసీ అంతే.

డబ్బు ఖర్చయిందని కాగితంలో ఉంది, పని కనిపించదు. ఇది ఎలా సాధ్యం?

నా ఉద్యోగ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మార్చి 31తో బడ్జెట్ మురిగిపోతుంది. ఆ భయంతో శాఖ చివరి వారంలో సొమ్మును బడ్జెట్ పద్దు నుంచి తీసి పీడీ ఖాతాలోకి, అంటే ఒక అధికారి పేరిట ఉండే డిపాజిట్ ఖాతాలోకి, మళ్లిస్తుంది. ప్రభుత్వ లెక్కలో అది ఖర్చు. నేల మీద ఇటుక కూడా పడి ఉండదు. లేదా సొమ్ము ఒక సొసైటీకో మరో సంస్థకో గ్రాంటుగా పోతుంది. ఇచ్చినవారి పుస్తకంలో ఖర్చు, పుచ్చుకున్నవారి బ్యాంకులో నిల్వ. వారు వినియోగ ధ్రువపత్రం పంపేదాకా ఏం జరిగిందో ఎవరికీ తెలియదు, అది ఏళ్ల తరబడి రాదు. ఇందులో ప్రతిదీ దొంగతనం అనుకోవద్దు. చాలావరకు భయం, బద్ధకం, ‘ఈ ఏడాది వాడకపోతే వచ్చే ఏడాది తగ్గిస్తారు’ అన్న లెక్క. అయితే దొంగ దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చీకటి దొరకదు.

అందుకే పీఏసీ అడిగే ప్రశ్నల్లో పదునైనది ‘ఎంత ఖర్చు పెట్టారు’ అన్నది కాదు. ‘మార్చిలో ఎంత, మిగతా పదకొండు నెలల్లో ఎంత, ఖాతాలో ఇంకా ఎంత ఉంది’ అన్నది.

సభ ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఖర్చు పెడితే?

205వ అధికరణ కింద ఆ అధిక ఖర్చును సభ తర్వాత క్రమబద్ధం చేయాలి. అంతకుముందు పీఏసీ దాన్ని పరిశీలించాలి. మన రాష్ట్ర ఆర్థిక స్థితిపై కాగ్ నివేదికలు తిరగేస్తే ఏళ్లనాటి అధిక ఖర్చు ఇంకా క్రమబద్ధం కాలేదన్న వాక్యం ఎదురవుతుంది. ఏ పార్టీ ప్రభుత్వానికీ ఇందులో తొందర కనిపించలేదు.

బుడమేరు వరద సాయం లెక్క ఢిల్లీ అడగాలా, అమరావతి అడగాలా?

రెండూ. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునిగినప్పుడు వాడేలాంటి సొమ్ము రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో ఉంటుంది. మనలాంటి రాష్ట్రాలకు అందులో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. కేంద్రం ఇచ్చే పద్ధతి, వేగం గురించి పార్లమెంటు హోంశాఖ స్థాయీ సంఘం అడగవచ్చు. ఇక్కడ ఎవరికి ఎంత చేరిందన్నది రాష్ట్ర ఆడిట్‌కు, రాష్ట్ర పీఏసీకి సంబంధించిన ప్రశ్న. మీ ఇంటికి నష్టపరిహారం రాలేదన్నది మాత్రం కమిటీ పని కాదు, అది రెవెన్యూ అధికారుల దగ్గర తేలాలి.

గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు ఏ కమిటీ కిందికి వస్తుంది?

కార్యాలయం మన ఊళ్లో ఉన్నా అది పార్లమెంటు చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ, వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద ఉంది. కాబట్టి వాణిజ్య స్థాయీ సంఘం. అది రాజ్యసభ సచివాలయం పరిధిలోది.

ఐదారేళ్లకు అడిగితే ఏం లాభం? బాధ్యులు రిటైరై ఉంటారు కదా?

నిజమే, దీనికి నా దగ్గర తీయని జవాబు లేదు. ఒక ఆసుపత్రి గిడ్డంగిలో అట్టపెట్టె విప్పని యంత్రాన్ని చూసి నేను పేరా రాశాను. గది సిద్ధం కాలేదు, కరెంటు కనెక్షన్ రాలేదు, నడిపే మనిషి లేడు. ఆ పేరా కమిటీ ముందుకు వచ్చేనాటికి నాకు రెండు బదిలీలు అయ్యాయి. శాఖ నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: యంత్రం పాతబడినందున తొలగించడానికి ప్రతిపాదించడమైనది.

అయినా ఆ వాక్యం వృథా కాలేదు. తర్వాతి కొనుగోళ్లకు గది, కరెంటు సిద్ధంగా ఉన్నాయన్న ధ్రువీకరణ లేకుండా ఆర్డరు ఇవ్వకూడదని ఆ శాఖ లోపల సర్క్యులర్ తెచ్చింది. నా అనుభవంలో కమిటీకి భయపడేది తప్పు చేసి వెళ్లిపోయిన అధికారి కాదు, ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినవాడు.

## నివేదిక వచ్చాక

కమిటీ సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలా?

అక్కర్లేదు. జవాబు మాత్రం చెప్పి తీరాలి. స్థాయీ సంఘాల సిఫారసులపై మూడు నెలల్లో, పీఏసీ సిఫారసులపై ఆరు నెలల్లో ఏం చేశారో చెప్పాలి. ఆ జవాబుల మీద కమిటీ మళ్లీ ఇంకో నివేదిక ఇస్తుంది. అందులో అధ్యాయాలు ఇలా ఉంటాయి: ప్రభుత్వం ఒప్పుకున్నవి, జవాబు చూశాక కమిటీ వదిలేసినవి, జవాబును కమిటీ ఒప్పుకోనివి, తుది జవాబు ఇంకా రానివి. టైము లేకపోతే ‘కమిటీ ఒప్పుకోనివి’ అన్న అధ్యాయం ఒక్కటి చదవండి. అసలు పేచీ అక్కడే ఉంటుంది.

లోక్‌సభలో మంత్రి ఆరు నెలలకోసారి తన శాఖపై వచ్చిన సిఫారసుల అమలు గురించి ప్రకటన కూడా చేయాలి.

కమిటీ సమావేశాలు టీవీలో ఎందుకు చూపరు?

లోపల పార్టీ గొంతు తగ్గి మనిషి గొంతు వినిపించాలని. కెమెరా ఉంటే ప్రతి ప్రశ్నా ప్రసంగమవుతుంది. నివేదిక సభ ముందు పెట్టేదాకా లోపలి సాక్ష్యాన్ని బయటపెట్టడం సభాహక్కుల ఉల్లంఘన. తర్వాత నివేదిక అందరిదీ.

సభ్యుల మధ్య ఏకాభిప్రాయం లేకపోతే?

స్థాయీ సంఘాల్లో, సంయుక్త కమిటీల్లో అసమ్మతి పత్రం జతచేయవచ్చు. బిల్లుల నివేదికల్లో అది చదవదగినది, ఎందుకంటే రేపు కోర్టులో వినిపించే వాదన చాలాసార్లు ముందుగా అక్కడే ఉంటుంది.

## మనం రాయాలంటే

సామాన్యుడు సూచనలు పంపవచ్చా? ఎప్పుడు?

పంపవచ్చు. ముఖ్యమైన బిల్లు కమిటీకి వచ్చినప్పుడు సూచనలు కోరుతూ పత్రికల్లో, వెబ్‌సైటులో ప్రకటన ఇస్తారు. సాధారణంగా పదిహేను రోజుల గడువు ఉంటుంది. మా పింఛనుదార్ల సంఘంలో జరిగేది ఏమిటంటే, పదో రోజు దాకా ప్రకటన ఎవరూ చూడరు, పన్నెండో రోజు సమావేశం పెడతారు, పద్నాలుగో రోజు సంతకాల కోసం తిరుగుతారు. సమావేశం కన్నా ముందు ఒకరు కూర్చుని చిత్తు రాయడం మేలు.

తెలుగులో రాస్తే చదువుతారా?

లోక్‌సభకు ఇచ్చే వినతిపత్రం హిందీలో గాని ఇంగ్లిషులో గాని ఉండాలి. మరో భారతీయ భాషలో ఉంటే ఆ రెండింటిలో ఒకదానిలోకి అనువాదం జతచేసి సంతకం పెట్టాలి. ఎంపీ ధ్రువీకరణ సంతకంతో దాన్ని సభ ముందు పెట్టించవచ్చు. కోర్టులో ఉన్న వ్యవహారాలను తీసుకోరు. తెలుగు ప్రతి కూడా జతచేయమని నేను చెబుతాను. అనువాదంలో పోయిన బాధ మూలంలో మిగులుతుంది.

మంత్రి సభలో ‘పరిశీలిస్తాం’ అన్నారు. తర్వాత అడిగేవారు ఎవరు?

హామీల కమిటీ. సభలో ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలని నియమం. ఫలానా తేదీన ఫలానా ప్రశ్నకు వచ్చిన జవాబు అని ఆధారం చూపి మీ ఎంపీకి రాస్తే పని సులువవుతుంది.

ఏం రాస్తే పట్టించుకుంటారు?

ఒకే విషయం. రెండు పేజీలు. బిల్లు అయితే ఏ క్లాజు, ఏ మాట మార్చాలి, మార్చాక వాక్యం ఎలా ఉండాలి. ఖర్చు అయితే ఏ పద్దు, ఏ ఏడాది, మీ దగ్గరున్న కాగితం ఏమిటి. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ఉంటే దాని నకలు జతచేయండి. ‘అవినీతి పెచ్చుమీరింది’ అన్న వాక్యం కొట్టేయండి, అది సభ్యులకు తెలుసు. మీ డిపోలో ఎన్ని బస్సులు మూలపడ్డాయో వారికి తెలియదు, అది రాయండి.

నివేదికలు ఎక్కడ దొరుకుతాయి?

పార్లమెంటు కమిటీలవి సంసద్ వెబ్‌సైటులో, ఆడిట్‌వి కాగ్ వెబ్‌సైటులో ఉచితంగా ఉంటాయి. ఎక్కువగా ఇంగ్లిషులో, హిందీలో ఉంటాయి. గుంటూరు సమావేశంలో ఒక పెద్దాయన మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని పేజీకి ఒక పేరా చొప్పున చదివించుకుంటున్నారు. ఆ అమ్మాయి గ్రూప్-2కు చదువుతోంది.